పదిహేనింట ఒక వంతు

1938లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు వ్యవసాయ ప్రయోగ కేంద్రం బర్క్‌లీ నుంచి ఒక పలచని పుస్తకం వెలువరించింది. దాని సంఖ్య సర్క్యులర్ 347. మట్టి లేకుండా నీళ్ళలో మొక్కలు పెంచే పద్ధతి దాని విషయం. రాసినవాళ్ళు డెనిస్ హోగ్లాండ్, డేనియల్ ఆర్నన్. అందులో రెండు పోషక ద్రావణాల పట్టిక ఉంది. ఒక్కో ద్రావణానికి నాలుగు ప్రధాన లవణాలు, వాటి కొలతలు, అంతే. ఆ పట్టిక ఇప్పటికీ హోగ్లాండ్ ద్రావణం అన్న పేరుతో ప్రపంచమంతటా వృక్షశాస్త్ర ప్రయోగశాలల్లో నడుస్తోంది. పాలీహౌసుల్లో లెట్యూస్, టొమాటో, కీరా పండించేవాళ్ళ కొలతలు ఎక్కడినుంచి వచ్చాయని వెనక్కి తవ్వుకుంటూ పోతే చాలాసార్లు తేలేది అక్కడికే.

ఆ పట్టికని ఒక పనితనంగా చదువుదామని ఈ వ్యాసం. మొత్తం పట్టిక కాదు, అందులో నత్రజని వరకే. మొక్క వేళ్ళతో తీసుకునే పోషకాల్లో పెద్ద వాటా దానిదే. ఆకు పచ్చదనం, మాంసకృత్తులు, ఎదుగుదల, అన్నీ దాని మీద ఆధారపడినవే. నీళ్ళలో నత్రజని ఎంత ఉండాలో చెప్పడం పెద్ద కష్టం కాదు. ఏ రూపంలో ఇవ్వాలి, దేనితో జతకట్టి ఇవ్వాలి, మొక్క తీసుకున్నాక మిగిలిన నీరు ఏమవుతుంది అన్నవే అసలు ప్రశ్నలు. హోగ్లాండ్, ఆర్నన్ ఈ మూడిటికీ ఒకే పట్టికలో జవాబిచ్చారు. ఆ జవాబు ఎంత పొందికగా ఉందో దగ్గరగా చూస్తేగాని తెలియదు.

పుస్తకం పుట్టిన సందర్భం

నీళ్ళలో మొక్కలు పెంచడం అప్పటికే పాత సంగతి. జర్మనీలో యూలియస్ ఫాన్ సాక్స్, విల్‌హెల్మ్ క్నోప్ 1860 ప్రాంతంలోనే లవణాలు కరిగించిన నీళ్ళలో మొక్కలు పెంచి చూపించారు. అయితే అది ప్రయోగశాల పని. దాన్ని పంటగా మారుస్తానని ముందుకొచ్చినవాడు బర్క్‌లీలోనే పనిచేసిన విలియం గెరికె. 1929 నుంచి ఆ విషయం మీద రాస్తూ వచ్చి, 1937లో హైడ్రోపోనిక్స్ అన్న పేరుని వాడుకలోకి తెచ్చాడు. నిచ్చెన వేసుకుని కోయాల్సినంత ఎత్తు పెరిగిన అతని టొమాటోలు పత్రికలకెక్కాయి. ఇక మట్టితో పనిలేదు, దిగుబడికి హద్దు లేదు అన్న ప్రచారం ఊపందుకుంది.

అందులో నిజమెంతో తేల్చే పని హోగ్లాండ్, ఆర్నన్‌ల మీద పడింది. వాళ్ళు మట్టిలో, ఇసుకలో, నీళ్ళలో టొమాటోలు పక్కపక్కనే పెంచి చూశారు. మంచి మట్టిలో, అదే వెలుతురులో, అదే శ్రద్ధతో పెంచిన పంటని నీళ్ళ పంట మించిపోదని తేల్చారు. వెలుతురూ వేడీ గీసిన హద్దుని ఏ ద్రావణమూ దాటించలేదని రాశారు. ఇంత నిగ్రహంతో రాసిన పుస్తకమే ఆ సాగుకి మూలగ్రంథం కావడం దాని విలువకి తగ్గ గౌరవం. ప్రయోగశాలల వాళ్ళకి మోలార్ కొలతలు ఇచ్చారు. ఇంటి దగ్గర ప్రయత్నించేవాళ్ళకి 25 గ్యాలన్ల నీటికి ఏ లవణం ఎన్ని ఔన్సులో, ఎన్ని టేబుల్ స్పూన్లో విడిగా ఇచ్చారు. తమ కూర్పే అన్నిటికన్నా గొప్పదని ఎక్కడా అనలేదు. అన్ని సందర్భాల్లోనూ మిగతావాటిని మించే కూర్పు అంటూ ఏదీ లేదనే చెప్పారు. 1949లో హోగ్లాండ్ చనిపోయాక, 1950లో ఆర్నన్ ఆ పుస్తకాన్ని సవరించి మళ్ళీ వేశాడు. ఇప్పుడు అందరూ ఎక్కువగా చూపేది ఆ ముద్రణనే.

నాలుగు లవణాలు

రెండో ద్రావణాన్ని ముందు పెట్టుకుందాం. లీటరు నీటికి పొటాషియం నైట్రేట్ 6 మిల్లీమోల్‌లు, కాల్షియం నైట్రేట్ 4, అమ్మోనియం ఫాస్ఫేట్ 1, మెగ్నీషియం సల్ఫేట్ 2. గ్రాముల్లోకి మారిస్తే వరసగా సుమారు 0.61, 0.94, 0.12, 0.49. అన్నీ కలిపితే లీటరుకి రెండు గ్రాముల పైచిలుకు.

ఇందులో నత్రజని లెక్క కడదాం. పొటాషియం నైట్రేట్ నుంచి 6 మిల్లీమోల్‌లు. కాల్షియం నైట్రేట్‌లో ఒక్కో కాల్షియానికి రెండేసి నైట్రేట్‌లు కాబట్టి అక్కణ్ణుంచి 8. అమ్మోనియం ఫాస్ఫేట్ నుంచి 1. మొత్తం 15. మిల్లీమోల్ నత్రజని అంటే 14 మిల్లీగ్రాములు కనుక లీటరుకి 210 మిల్లీగ్రాములు. అందులో 196 నైట్రేట్ రూపంలో, 14 మాత్రం అమ్మోనియం రూపంలో. పదిహేనింట ఒక వంతు. మొదటి ద్రావణంలోనూ నత్రజని 210 మిల్లీగ్రాములే, కానీ అంతా నైట్రేటే. రెండో పట్టిక ప్రత్యేకత అంతా ఆ ఒక్క వంతులోనే ఉంది. దాని దగ్గరికి వెళ్ళేముందు మిగతా పద్నాలుగు వంతులు ఎలా వచ్చాయో చూడాలి.

లవణం అన్నాక అందులో రెండు భాగాలుంటాయి. ఒకదానికోసం వేస్తే రెండోది పిలవకుండానే వస్తుంది. నత్రజని కోసం సోడియం నైట్రేట్ వేస్తే సోడియం కూడా వస్తుంది. పొటాషియం కోసం పొటాషియం క్లోరైడ్ వేస్తే మొక్కకి కావాల్సినదానికి ఎన్నో రెట్లు క్లోరైడ్ దిగుతుంది. పొలంలో అయితే కొంత మట్టి పట్టుకుంటుంది, కొంత వానకి కొట్టుకుపోతుంది. నీటిని తిప్పి తిప్పి వాడే ట్యాంకులో ఆ దారి లేదు. మొక్క వద్దన్నది అక్కడే పేరుకుంటుంది.

ఇప్పుడు పట్టికని మళ్ళీ చూడండి. పొటాషియం, కాల్షియం రెండూ నైట్రేట్‌తోనే వచ్చాయి. అమ్మోనియం, ఫాస్ఫేట్ ఒకే లవణంలో ఉన్నాయి. మెగ్నీషియం, గంధకం ఇంకో లవణంలో ఉన్నాయి. నత్రజని, భాస్వరం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, గంధకం, ఈ ఆరూ నాలుగు లవణాల్లో సర్దుకున్నాయి. పనికిరాని ఏడోది ఒక్కటీ లేదు. ధనావేశాలు కూడితే 19, ఋణావేశాలు కూడితే 19. ఏది కాస్త తగ్గించాలన్నా దాని జతలో ఉన్నది కూడా తగ్గుతుంది. అందుకే ఈ పట్టికలో ఒక అంకె మార్చబోతే మిగతా మూడు అంకెలూ అడ్డం వస్తాయి. నాలుగు లవణాల కూర్పులో అంత బిగువు ఉంది.

కాల్షియం, నైట్రేట్‌తోనే ఎందుకు రావాలి? కాల్షియం సల్ఫేట్ అంటే జిప్సం, అది నీళ్ళలో అంతంతమాత్రంగా కరుగుతుంది. కాల్షియం ఫాస్ఫేట్ ఇంకా మొండిది. కావలసినంత కాల్షియాన్ని నీళ్ళలో నిలబెట్టాలంటే, క్లోరైడ్ వద్దనుకున్నాక, మిగిలిన మంచి తోడు నైట్రేటే. కాబట్టి నత్రజని ఏ రూపంలో ఇవ్వాలన్న నిర్ణయంలోనే కాల్షియం ఎలా ఇవ్వాలన్న నిర్ణయం కూడా ఇమిడి ఉంది. నైట్రేట్ తగ్గించి అమ్మోనియం పెంచుదామనుకున్నవాళ్ళు మొదట పోగొట్టుకునేది కాల్షియాన్నే.

ఈ సంగతి కళ్ళతో చూడాలంటే ద్రావణం కలిపే చోటే నిలబడాలి. వందరెట్ల చిక్కదనంలో కలిపేవాళ్ళు రెండు ట్యాంకులు పెట్టుకుంటారు. ‘ఏ’ ట్యాంకులో కాల్షియం నైట్రేట్, ఇనుము. ‘బీ’ ట్యాంకులో ఫాస్ఫేట్‌లు, సల్ఫేట్‌లు. పొటాషియం నైట్రేట్ ఎందులో అయినా ఇముడుతుంది. అది నీళ్ళలో పడి కరుగుతూ ఉంటే బకెట్ చేతికి చల్లగా తగులుతుంది, కరగడానికి అది నీటిలోని వేడిని లాక్కుంటుంది కనుక. ‘ఏ’, ‘బీ’ చిక్కటి నీళ్ళని ఒకే పాత్రలో పోస్తే క్షణాల్లో తెల్లగా విరిగి అడుగున సున్నంలా కూర్చుంటుంది. ఆ తెల్లటిదంతా మొక్కకి అందకుండా పోయిన కాల్షియం, భాస్వరం, గంధకం. అదే పలచని ద్రావణంలో, హోగ్లాండ్ కొలతల్లో, అన్నీ ఒకే నీటిలో తేటగా కలిసి ఉంటాయి. ఏది ఎంత పలచనైతే విరక్కుండా నిలుస్తుందో తెలిసిన చెయ్యి వేసిన కొలతలవి.

వేరు దగ్గర జరిగేది

వేరు నైట్రేట్‌ని లోపలికి తీసుకోవాలంటే దానితోపాటు హైడ్రోజన్ అయాన్లని కూడా లాక్కోవాలి. నైట్రేట్‌ది ఋణావేశం, కణం లోపల అప్పటికే ఋణావేశం ఎక్కువ. ఒంటరిగా రాలేదు. బయట నీళ్ళలో హైడ్రోజన్ అయాన్లు తగ్గితే క్షారగుణం పెరుగుతుంది. అంటే మొక్క నైట్రేట్ తిన్నకొద్దీ నీటి పీహెచ్ పైకి ఎక్కుతుంది. ఆరోగ్యంగా ఎదిగే మొక్క ఎంత తింటే అంత ఎక్కుతుంది. పంట బాగున్నందుకే నీరు పాడవుతుందన్న మాట.

పీహెచ్ ఎక్కితే వచ్చే నష్టం నత్రజనిలో కనిపించదు, ఇనుములో కనిపిస్తుంది. 5.5 నుంచి 6.5 దాకా ఉన్నప్పుడు అందే ఇనుము, 7 దాటితే తుప్పులా గడ్డకట్టి మొక్కకి దక్కదు. హోగ్లాండ్ కాలంలో ఇనుముని టార్ట్రేట్ రూపంలో విడిగా, పదే పదే వేయాల్సి వచ్చేది. ఈడీటీఏతో కట్టిన ఇనుము వాడుకలోకి వచ్చింది 1950ల్లో. కాబట్టి అప్పటివాళ్ళకి పీహెచ్ పైకి పోకుండా చూడటం ఈనాటికన్నా అవసరం.

అమ్మోనియం దీనికి సరిగ్గా వ్యతిరేకం. దానిది ధనావేశం. వేరు దాన్ని తీసుకుని హైడ్రోజన్ అయాన్లని బయటికి వదులుతుంది. నీరు ఆమ్లగుణం వైపు మొగ్గుతుంది. నైట్రేట్ ఎక్కించేదాన్ని అమ్మోనియం దించుతుంది. రెండో ద్రావణంలో ఆ ఒక్క వంతు అమ్మోనియం పెట్టింది ప్రధానంగా ఇందుకు. అవాంఛనీయమైన క్షారగుణం రాకుండా అది ఆలస్యం చేస్తుందని వాళ్ళే వివరించారు. ఆపుతుందని అనలేదు, ఆలస్యం చేస్తుందన్నారు. ఆ మాట ఎంత ఖచ్చితమో ట్యాంకుని రోజూ కొలిచేవాళ్ళకి తెలుస్తుంది. రెండూ అందుబాటులో ఉంటే చాలా మొక్కలు అమ్మోనియాన్నే ముందు ఖాళీ చేస్తాయి. అది ఉన్నన్నాళ్ళూ పీహెచ్ నిలకడగా ఉంటుంది, కొన్నిసార్లు కాస్త దిగుతుంది కూడా. అది అయిపోయిన దగ్గరనుంచి ఎక్కడం మొదలవుతుంది.

అంత తక్కువే ఎందుకు

పీహెచ్‌ని దించుతుంది కదా అని ఇంకాస్త వేస్తే? పాలకి తోడు వేసే మజ్జిగ లాంటిది అమ్మోనియం. చెంచాడు వేస్తే పెరుగు కమ్మగా తోడుకుంటుంది, గరిటెడు వేస్తే పులిసిపోతుంది. ఇక్కడ పులుపుతో పాటు ఇంకా మూడు చిక్కులున్నాయి.

మొదటిది, దాచుకోలేకపోవడం. నైట్రేట్ ఎక్కువైతే మొక్క దాన్ని కణంలోని రసకోశంలో దాచుకుని తర్వాత వాడుకోగలదు. అమ్మోనియం పోగైతే విషమవుతుంది. వచ్చింది వచ్చినట్టే వేరులోనే అమైనో ఆమ్లంగా మార్చెయ్యాలి. అందుకు చక్కెరలు కావాలి, ప్రాణవాయువు కావాలి. రెండోది, పోటీ. అమ్మోనియం ఎక్కువైతే వేరు తీసుకునే కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం తగ్గుతాయి. కాల్షియం తగ్గితే టొమాటో కాయ అడుగు నల్లబడుతుంది, లెట్యూస్ లేత ఆకుల అంచులు మాడతాయి. మూడోది, వేడి. 20 డిగ్రీల నీటిలో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉంటే, 30 డిగ్రీల నీటిలో 7.5 మిల్లీగ్రాములే పడుతుంది. వేరు ఊపిరి వేగం మాత్రం వేడికి పెరుగుతుంది. అమ్మోనియాన్ని మార్చడానికి ప్రాణవాయువు ఎక్కువ కావాల్సిన వేళే నీటిలో అది తక్కువగా ఉంటుంది. మన వేసవిలో, ట్యాంకు నీరు గోరువెచ్చగా మారే పాలీహౌసుల్లో, అమ్మోనియం కొలత ఇంకా జాగ్రత్తగా ఉండాల్సింది ఇందుకే.

ఈ మూడిటినీ ఎదురుగా పెట్టుకుని చూస్తే పదిహేనింట ఒకటి అన్న కొలత విలువ తెలుస్తుంది. నీటిని కాసేపు నిలబెట్టడానికి చాలినంత ఉంది, వేరుని ఇబ్బందిపెట్టేంత లేదు. పైగా ఆ అమ్మోనియం కోసం అదనపు లవణం ఏదీ తేలేదు. మొదటి ద్రావణంలో భాస్వరం పొటాషియంతో జతగా వచ్చేది. రెండో దాంట్లో అదే భాస్వరాన్ని అమ్మోనియంతో జత చేసి, తగ్గిన పొటాషియాన్ని నైట్రేట్‌తో సరిపెట్టారు. నాలుగు లవణాలు నాలుగుగానే ఉన్నాయి, నత్రజని 210 గానే ఉంది, ద్రావణం స్వభావం మాత్రం మారింది. నేను ఈ పట్టికలో అన్నిటికన్నా మెచ్చుకునే పని ఇదే.

ఇరవై వేల వంతుల్లో ఒకటి

నైట్రేట్ వేరులోకి వచ్చినంత మాత్రాన ఆహారం కాదు. దాన్ని మొదట నైట్రైట్‌గా, తర్వాత అమ్మోనియంగా మార్చాకే అమైనో ఆమ్లాల్లోకి చేరుతుంది. మొదటి మెట్టు ఎక్కించే ఎంజైమ్ నైట్రేట్ రిడక్టేజ్. దాని నడుమన ఉండే లోహం మాలిబ్డినం. అది లేకపోతే నీళ్ళ నిండా నైట్రేట్ ఉన్నా మొక్క నత్రజని లేక పాలిపోతుంది.

మాలిబ్డినం మొక్కలకి అత్యవసరమని 1939లో టొమాటోల మీద రుజువు చేసినవాళ్ళు ఆర్నన్, అతని సహచరుడు పెరీ స్టౌట్. ఒక మూలకం మొక్కకి అత్యవసరమా కాదా అని తేల్చే కొలమానాల్ని అదే ఏడాది ప్రతిపాదించినవాళ్ళు కూడా వాళ్ళే. 1950 కూర్పులోని సూక్ష్మపోషకాల పట్టిక ప్రకారం వేసే మాలిబ్డినం లీటరుకి సుమారు 0.01 మిల్లీగ్రాము. నత్రజని 210 మిల్లీగ్రాములు. అంటే తనకన్నా ఇరవై వేల రెట్లకు పైగా బరువున్న నత్రజనిని పనికొచ్చేలా చేసే బాధ్యత ఆ రవ్వంత లోహం మీద ఉంది. నైట్రేట్ మీద అంతగా ఆధారపడిన ద్రావణం కట్టినవాళ్ళలో ఒకడైన ఆర్నన్ ఆ నైట్రేట్‌కి తాళంచెవి కూడా వెతికి పెట్టాడు. ఒక పని చేసినవాళ్ళు దాని కొసదాకా వెళ్ళడం అంటే ఇదీ.

పట్టిక ముగిసే చోట

ఇంత మెచ్చుకున్నాక దాని హద్దు కూడా చెప్పాలి. అది మొదలుపెట్టే ద్రావణం. మొక్క తిన్నాక తిరిగి ఎంత పోయాలో ఆ పట్టిక చెప్పదు. ఆనాటి పద్ధతి కొన్నాళ్ళకొకసారి నీరంతా పారబోసి కొత్తది నింపడం. నీటిని నెలల తరబడి తిప్పుతూ వాడే ఇప్పటి పద్ధతుల్లో అది కుదరదు.

ఆ మిగిలిన సగాన్ని పూర్తిచేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది యూటా స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ బగ్‌బీ వివరించిన లెక్క. అంతరిక్షంలో పండించడానికి పనికొచ్చే పొట్టి గోధుమ మీద పనిచేసిన మనిషి ఆయన. ఆయన లెక్క సులువు. మొక్క కిలో పొడి పదార్థం తయారుచేసేలోగా ఎన్ని లీటర్ల నీరు తాగుతుంది? ఆ పొడి పదార్థంలో నత్రజని ఎంత ఉండాలి? ఈ రెండూ తెలిస్తే తిరిగి పోసే నీటిలో ఎంత ఉండాలో తెలిసిపోతుంది. కిలోకి 300 లీటర్లు తాగి, పొడి పదార్థంలో 4 శాతం నత్రజని ఉండాలంటే, 40 గ్రాములు 300 లీటర్లలో రావాలి. లీటరుకి 133 మిల్లీగ్రాములు. ఎండ, పొడిగాలి వల్ల అదే మొక్క 400 లీటర్లు తాగితే 100 చాలు. గాలిలో తేమ పెరిగి 200 లీటర్లే తాగితే 200 కావాలి. అదే పంట, అదే ట్యాంకు. వాతావరణం మారితే కొలత మారింది. రోహిణి కార్తెలో నీటిని పలచన చేయాలి, ముసురు పట్టిన రోజుల్లో చిక్కన చేయాలి అన్న అనుభవజ్ఞుల మాటకి లెక్క ఇదే.

ఇందులో హోగ్లాండ్ పాత పని ఒకటి మళ్ళీ పలుకుతుంది. 1920ల్లో ఆయన నైటెల్లా అనే మంచినీటి నాచు మీద పరిశోధించాడు. చుట్టూ ఉన్న నీటిలో కన్నా దాని కణరసంలో అయాన్లు ఎన్నో రెట్లు ఎక్కువ. శక్తి ఖర్చుపెట్టి అది వాటిని లోపలికి లాక్కుంటోందని చూపించాడు. వేరు కూడా అంతే. చాలా పలచని నీటి నుంచి సైతం నైట్రేట్‌ని లాగేస్తుంది. అందుకే బాగా ఎదిగే పంట ఉన్న ట్యాంకులో నీటిని పరీక్షిస్తే నత్రజని తక్కువగా కనిపించడం మామూలే. ట్యాంకులో తగ్గిందంటే మొక్కలో తగ్గిందని కాదు, మొక్కలోకి వెళ్ళిందని. ఆ సంగతి తెలియక ఎప్పటికప్పుడు ట్యాంకుని 210కి తెస్తూ పోతే మొక్కలో నత్రజని మితిమీరుతుంది. టొమాటోలో ఆకు ఏపుగా పెరిగి కాయ వెనకబడుతుంది. వెలుతురు తక్కువైన రోజుల్లో లెట్యూస్ ఆకుల్లో నైట్రేట్ పేరుకుంటుంది, దాన్ని మార్చే శక్తి వెలుతురు నుంచే రావాలి కనుక. ఐరోపా సమాఖ్య గాజుగృహాల లెట్యూస్‌కి కిలోకి నైట్రేట్ హద్దు వేసవిలో 4000 మిల్లీగ్రాములు, చలికాలంలో 5000 అని పెట్టడానికి కారణం ఇదే. కోతకి కొద్దిరోజుల ముందు నత్రజని తగ్గించడం, పొద్దున్నే కాకుండా వెలుతురు తిన్నాక సాయంత్రం వైపు కోయడం, ఈ రెండూ ఆకులో నైట్రేట్‌ని తగ్గిస్తాయి.

మన నీళ్ళు, మన సంచులు

మన దేశంలో ఈ సాగుకి పునాది 1946లో జేమ్స్ షోల్టో డగ్లస్ కాలింపాంగ్‌లో చేసిన పనితో పడింది. ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు చుట్టుపక్కల పాలీహౌసుల్లో ఆకుకూరలు నీళ్ళ మీద పెరుగుతున్నాయి. ఇక్కడ హోగ్లాండ్ పట్టికని యథాతథంగా కలిపితే కొన్నిచోట్ల లెక్క తప్పుతుంది. తప్పు పట్టికది కాదు. ఆయన లెక్క శుద్ధమైన లవణాలతో, మంచి నీటితో వేసింది.

మొదట సంచి చూడాలి. మన బజారులో దొరికే డ్రిప్ రకం కాల్షియం నైట్రేట్‌లో నత్రజని 15.5 శాతం. అందులో 14.4 నైట్రేట్, 1.1 అమ్మోనియం. హోగ్లాండ్ మొదటి ద్రావణానికి కావలసిన 200 మిల్లీగ్రాముల కాల్షియం దీనితో ఇస్తే, అడక్కుండానే లీటరుకి 11 మిల్లీగ్రాములకు పైగా అమ్మోనియం నత్రజని వస్తుంది. హోగ్లాండ్, ఆర్నన్‌లు రెండో ద్రావణంలో ప్రత్యేకంగా పెట్టిన 14కి ఇది దగ్గరే. దీని మీద మళ్ళీ అమ్మోనియం ఫాస్ఫేట్, అంటే 12:61:0, వేస్తే కొలత దాదాపు రెట్టింపవుతుంది. దాని బదులు పొటాషియం ఫాస్ఫేట్, అంటే 0:52:34, వేసుకుంటే సరిపోతుంది.

తర్వాత, రైతులకి బాగా అలవాటైన 19:19:19 ఎరువు. అందులో నత్రజని సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. పొలంలో సూక్ష్మజీవులు యూరియాని అమ్మోనియంగా, దాన్ని నైట్రేట్‌గా మార్చిపెడతాయి. శుభ్రమైన ట్యాంకులో ఆ పని చేసేవాళ్ళు లేరు. పైగా యూరియాకి ఆవేశం లేదు కాబట్టి నీటి విద్యుత్ వాహకతని కొలిచే ఈసీ మీటరుకి అది కనిపించదు. పొలంలో పనికొచ్చే మందే, ఈ సాగుకి పనికిరాదు.

మూడోది బోరు నీరు. మన బోరు నీళ్ళలో చాలాచోట్ల బైకార్బొనేట్ ఎక్కువ, అది పీహెచ్‌ని పట్టి పైకి లాగుతుంది. దించడానికి నైట్రిక్ ఆమ్లం వేస్తే ఒక్కో మిల్లీమోల్ ఆమ్లంతో లీటరుకి 14 మిల్లీగ్రాముల నత్రజని కూడా చేరుతుంది. 4 మిల్లీమోల్‌లు వేయాల్సి వచ్చిన నీటిలో 56 మిల్లీగ్రాములు ఆమ్లంతోనే వచ్చేశాయి. లెట్యూస్‌కి కావలసినదాంట్లో అది సగానికి దగ్గర. కొన్ని బోర్లలో నైట్రేట్ ముందే ఉంటుంది. తాగునీటికి భారత ప్రమాణాలు పెట్టిన హద్దు లీటరుకి 45 మిల్లీగ్రాముల నైట్రేట్, అంటే నత్రజనిగా 10. ఈ రెండూ తీసివేసి మిగిలినదే సంచిలోంచి వేయాలి.

ఇక ఆకు. నత్రజని తక్కువైతే ముందు ముదురాకులు ఒకేలా పాలిపోతాయి, మొక్క వాటిలోని నత్రజనిని చిగుళ్ళకి తరలించుకుంటుంది కనుక. చిగురాకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం, పీహెచ్ ఎక్కిందనడానికి గుర్తు. రెండిటినీ ఒకటే పసుపు అనుకుని నత్రజని పెంచితే ఇనుము అందకపోవడం తీరదు, నత్రజని మాత్రం మితిమీరుతుంది. ముందు ఏ ఆకు పసుపైందో చూసి, పీహెచ్ కొలిచి, అప్పుడు సంచి ముట్టుకోవాలి.

హోగ్లాండ్, ఆర్నన్ వదిలివెళ్ళిన కొలతలకన్నా వాటి వెనక ఉన్న అలవాటు విలువైనది. ప్రతి లవణంలో రెండో సగం ఎటు పోతుందని అడగడం, మొక్క తిన్నాక నీరు ఎలా మారుతుందని అడగడం, తమ కూర్పే ఆఖరి మాట అనకపోవడం. ఈ సాగులోకి వచ్చేవాళ్ళు రెండో ద్రావణాన్ని కాగితం మీద సొంతంగా ఒకసారి లెక్క కట్టాలి. ఆవేశాలు రెండువైపులా 19 తేలేదాకా, నత్రజని 210 తేలేదాకా. తర్వాత అదే కాగితం మీద తమ సంచి అంకెలతో, తమ బోరు నీటి రిపోర్టుతో మళ్ళీ కట్టాలి. ఒక సాయంత్రం పని అది. ఆ పని చేసినవాళ్ళకి బజారులో అమ్మే ఏ రెడీమేడ్ సీసా మీది అంకెలైనా అర్థమవుతాయి, అక్కర్లేని సీసా ఏదో కూడా తెలుస్తుంది.